గతకాలపు భూ ఉష్ణోగ్రతల పునర్నిర్మాణం

థర్మామీటరు లెక్కలతో భూగోళమంతటి ఉష్ణోగ్రతను అంచనా కట్టడం సుమారు 1850 నుంచే సాధ్యం. అంతకు ముందరి సంగతి చెట్ల వలయాలు, హిమపు పొరలు, పగడాలు, సరస్సుల అడుగు ఒండ్రు వంటి సాక్ష్యాల నుంచి రాబట్టాలి. ఇవేవీ వేడిని నేరుగా చెప్పవు. వలయాలను ఏడాది తప్పకుండా సరిపోల్చే పద్ధతిని 20వ శతాబ్దం తొలి దశకాల్లో ఆరిజోనాలో ఎ.ఇ.డగ్లస్ నిలబెట్టాడు; కానీ ఆ ఎండు నేలల చెట్లు ముఖ్యంగా వాన కబురే చెబుతాయి. వేడి చాలక ఎదుగుదల కుంటుపడే శీతల ప్రాంతాల చెట్లే ఉష్ణోగ్రతకు సాక్షులు, అదీ వేసవికి. కురిసిన నాటి చలిని బట్టి మంచులో బరువైన ఆక్సిజన్ పాలు మారుతుందని గ్రహించిన డెన్మార్క్ శాస్త్రవేత్త విల్లీ డాన్స్‌గార్డ్, 1966లో గ్రీన్‌లాండ్‌లోని క్యాంప్ సెంచురీ వద్ద అడుగు రాతిదాకా తొలిచి తీసిన మంచును అలాగే చదివాడు. లక్ష ఏళ్ల చరిత్ర దొరికింది, అయితే అది గ్రీన్‌లాండ్ చరిత్ర.

ఒక చోటి కథను భూమి మొత్తానికి అంటగట్టడమే ఈ రంగంలో చాలా తగవులకు మూలం. 1965లో హ్యూబర్ట్ లాంబ్ ప్రతిపాదించిన మధ్యయుగపు వెచ్చని కాలానికి ఆధారాలు ఎక్కువగా యూరప్‌వే. 1998లో మైకేల్ మాన్, రేమండ్ బ్రాడ్లీ, మాల్కమ్ హ్యూస్ ఆరు శతాబ్దాలకు చేసింది వేరే పని: ఏ ఏడు ఏ ప్రాంతం ఎంత వేడెక్కిందో చూపే పటాలు గీశారు. లోకం మాత్రం వాటి సగటు గీతనే పట్టుకుని, హాకీ కర్ర అని పేరుపెట్టి, దాని చుట్టూనే పోట్లాడింది. స్టీఫెన్ మెకింటైర్, రాస్ మెకిట్రిక్ గణాంక పద్ధతిలో లోపం ఎత్తి చూపారు. 2006లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఆ లోపం నిజమేననీ, ఫలితాన్ని పెద్దగా మార్చదనీ తేల్చింది. చివరి 400 ఏళ్ల లెక్క మీద గట్టి నమ్మకం, క్రీ.శ. 900కు ముందు దాని మీద చాలా తక్కువ నమ్మకం ప్రకటించింది. సబబైన తీర్పు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది. సుమారు 1960 తర్వాత ఉత్తరాది చెట్లు కొన్ని పెరిగిన వేడికి తగ్గట్టు పెరగలేదు. ఇప్పుడు తప్పిన సాక్షి పూర్వం తప్పలేదని ఎలా నమ్మాలి? ఒక్క చెట్లనే నమ్ముకుంటే దీనికి పూర్తి జవాబు లేదు. అందుకే వేరే జాతి సాక్ష్యం కావాలి. వందలాది బోరు రంధ్రాల్లో లోతును బట్టి మారే వేడిని కొలిచి 2000లో వెలువడిన లెక్క, చెట్లతో పనిలేకుండానే, గత ఐదు శతాబ్దాల్లో 20వదే అత్యంత వెచ్చనిదని చూపింది. అయితే అందులో ఏడాదుల వివరం అందదు. 2019లో రాఫేల్ న్యూకామ్ బృందం దాదాపు 700 రికార్డులతో మళ్లీ పటాలకే వచ్చింది. మధ్యయుగం తర్వాత వచ్చిన, చిన్న మంచుయుగం అని పిలిచే చలి మధ్య, తూర్పు పసిఫిక్‌లో 15వ శతాబ్దంలో, వాయవ్య యూరప్‌లో 17వ శతాబ్దంలో ముదిరింది. మధ్యయుగపు వెచ్చదనమూ అన్నిచోట్లా ఒకేసారి రాలేదు. ఇటీవలి వేడి మాత్రం భూమిలో 98 శాతం మేర, రెండు వేల ఏళ్లలోనూ 20వ శతాబ్దంలోనే పతాక స్థాయికి చేరింది. దక్షిణార్ధ గోళంలోనూ ఉష్ణమండలంలోనూ రికార్డులు పలచన కనుక పాత శతాబ్దాల పటాల్లో అంచనా పాలు ఎక్కువే. బస్తర్‌లోని దండక్ గుహ సున్నపు స్తంభాలు ఆ వెలితి తీర్చలేవు. అవి చెప్పేది రుతుపవనాల సంగతి.