ఉరుముల మేఘాల చల్లగాలి మడుగులు: ఉష్ణమండల నేలపై పరిశీలన

ఉరుముల మేఘం నుంచి పడే చినుకుల్లో కొంత భాగం నేలను చేరకముందే ఆవిరైపోతుంది. అందుకు కావలసిన వేడి చుట్టూ ఉన్న గాలి నుంచే పోతుంది కనుక ఆ గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి దిగి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. ఆంగ్లంలో కోల్డ్ పూల్ అనే ఈ పొరను ఇక్కడ చల్లగాలి మడుగు అంటున్నాం. వానకు ముందు వీచే ఈదురుగాలి దాని ముందంచు. చినుకుల బరువు, కరిగే వడగళ్లు కూడా గాలిని కిందికి దించుతాయి. ఏ కారణం వాటా ఎంతన్నది మేఘాన్ని బట్టి మారుతుంది. అయితే మేఘం అడుగుకూ నేలకూ మధ్య పొడిగాలి లోతుగా ఉండే ప్రాంతాల్లో ఆవిరి కావడమే ప్రధానమన్న వివరణకు ఆధారాలు బలంగా ఉన్నాయి. మడుగు గుర్తింపు విషయంలో మాత్రం ఇప్పటికీ ఒక సులువైన అలవాటు కొనసాగుతోంది: ఉష్ణోగ్రత ఇన్ని డిగ్రీలు పడితే మడుగు, లేకుంటే కాదు. ఉష్ణమండల నేలపై ఈ కొలబద్ద నిలవదు.

ఈ గాలుల గురించి తొలి వివరమైన వర్ణనల్లో సూడాన్ హబూబ్‌లవి ముఖ్యం. ఎల్. జె. సటన్ 1925లో ఖార్టూమ్ హబూబ్‌లపై వ్యాసం ప్రచురించాడు. అక్కడ ఏడాదికి సగటున సుమారు 24 వస్తాయన్న అంకె ఆయన పేరుతోనే తరచూ కనిపిస్తుంది. హబూబ్ అన్న మాట అక్కడ పెద్ద దుమ్ముగాలి దేనికైనా వాడుకలో ఉంది కాబట్టి, ఆ 24నూ మడుగుల లెక్కగా తీసుకోకపోవడం మంచిది. మేఘంలో దిగే గాలికీ నేలమీది ఈదురుగాలికీ ఉన్న సంబంధాన్ని విమానాలతో, దగ్గరదగ్గరగా అమర్చిన కేంద్రాలతో చూపిన ఘనత 1946లో ఫ్లోరిడాలో, 1947లో ఒహాయోలో జరిగిన థండర్‌స్టార్మ్ ప్రాజెక్టుది. దానిపై బయర్స్, బ్రహమ్‌ల నివేదిక 1949లో వెలువడింది. ఉష్ణమండల నేల విషయానికొస్తే, వెనెజులా కొలతల ఆధారంగా ఎ. కె. బెట్స్ 1976లో రాసిన వ్యాసం వాన తర్వాత మేఘం కింది పొర ఎలా మారిపోతుందో లెక్కగట్టింది.

అన్నిటికంటే ఎక్కువ వెలుగునిచ్చింది నైజర్ రాజధాని నియామే. 2006లో పశ్చిమాఫ్రికా రుతుపవనాలపై జరిగిన ఆమా పరిశోధనలో భాగంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడ నమోదైన 38 మడుగులను తర్వాత ఒక్కచోట చేర్చి విశ్లేషించారు. ఉష్ణోగ్రత పతనం 2 నుంచి 14 డిగ్రీలు, పీడనం పెరుగుదల సున్నా నుంచి 8 హెక్టోపాస్కల్స్, గాలి విసురు సెకనుకు 3 నుంచి 22 మీటర్లు. ఒకే ఊరిలో, ఒకే రుతువులో ఇంత తేడా! పైగా చాలా మడుగుల ముందు భాగంలో గాలి అంతకుముందుకంటే పొడిగా ఉండి, సుమారు అరగంట తర్వాతే తేమ పెరిగింది. వేడినీ తేమనూ కలిపి చెప్పే ఈక్వివలెంట్ పొటెన్షియల్ టెంపరేచర్ రుతువు చివర ఎక్కువగా తగ్గింది. తొలి నెలల్లో మార్పు తక్కువ, కొన్నిసార్లు పెరిగింది కూడా. అంటే, మడుగు వెళ్లిన చోట మళ్లీ మేఘం లేవదన్న సూత్రాన్ని నియామే ఉన్న సాహెల్ ప్రాంతపు తొలకరికి అంటగట్టలేం.

ఏదో ఒక హద్దు లేకపోతే ఒక చోటి లెక్కను మరో చోటితో పోల్చేదెలా అన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఉష్ణోగ్రత హద్దు ఆ పోలికను కూడా చెడగొడుతుంది. రాత్రి నేల దగ్గరి గాలి ముందే చల్లబడి ఉంటుంది. అప్పుడొచ్చిన ఈదురుగాలి పై గాలిని కిందికి కలిపేస్తే ఉష్ణోగ్రత పెద్దగా పడదు, ఒక్కోసారి పెరుగుతుంది. పీడనాన్ని జతచేస్తే చిత్రం మారుతుంది. కిలోమీటరు లోతున్న మడుగు చుట్టుపక్కలకంటే 10 డిగ్రీలు చల్లగా ఉంటే, దాని బరువు వల్ల నేలమీది పీడనం సుమారు 3.5 హెక్టోపాస్కల్స్ పెరగాలి, అంచు సెకనుకు దాదాపు 13 నుంచి 16 మీటర్ల వేగంతో కదలాలి. కొలతలు ఈ లెక్కకు దగ్గరగా ఉంటే అది మడుగే. పీడనం బాగా పెరిగి నేల దగ్గర చల్లదనం కనిపించకపోతే, చల్లని పొర పైన ఉందని అనుమానించాలి. అంచును గాలి ఢీకొనే చోట పీడనం ఉష్ణోగ్రతకంటే కాస్త ముందే పెరుగుతుంది కనుక రెండింటి గడియారాలూ సరిపోవాలి. గాలి దిశ మారిన క్షణం కూడా అంచు రాకకు మంచి గుర్తు.

ఉపగ్రహాలుండగా ఇవన్నీ ఎందుకన్నది రెండో అభ్యంతరం. మెటియోశాట్ దుమ్ము చిత్రాల్లో సహారా హబూబ్‌లు పావుగంటకోసారి కనిపించే మాట నిజమే. అయితే కనిపించేది దుమ్ము, చల్లగాలి కాదు. అడవి మీదా తడినేల మీదా దుమ్ము లేవదు. ఎడారిలోనూ మేఘాల పొర కింద అది దాగిపోతుంది. 2011 జూన్‌లో ఫెనెక్ పరిశోధన బృందం దక్షిణ అల్జీరియాలోని బోర్జ్ బాజీ ముఖ్తార్‌లో నేలమీద పరికరాలు పెట్టడానికి ఈ లోటూ ఒక కారణం. సహారా నడిబొడ్డుకు దుమ్మునే కాక తేమను కూడా తెచ్చే గాలుల్లో ఈ మడుగుల పాత్ర పెద్దదని అక్కడి కొలతలు చూపాయి. డాప్లర్ రాడార్‌లో అంచు సన్నని గీతగా కనబడుతుంది. అంచు వెంట పోగయ్యే పురుగులు, దుమ్ము వల్ల ఆ గీత ఏర్పడుతుంది. కానీ దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం మడుగు పైనుంచి వెళ్లిపోతుంది.

భారతదేశంలో వాయవ్య ప్రాంతపు ఆంధీ అనే దుమ్ముగాలిపై జోసెఫ్, రైపాల్, డేకా 1980లో మౌసమ్ పత్రికలో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రామాణికం. బెంగాల్ కాలబైశాఖి గాలులదీ ఇదే కోవ. తిరుపతి దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల నడిపే ఎం.ఎస్.టి. రాడార్ పేరున్నదే అయినా, అది చూడటం మొదలుపెట్టేది సుమారు మూడున్నర కిలోమీటర్ల పైనుంచి. మడుగు సాధారణంగా ఉండేది అంతకంటే బాగా కింద. అందుకే అక్కడ ఈ పనికి దిగువ వాతావరణ విండ్ ప్రొఫైలర్, స్తంభం మీది పరికరాలు అవసరం. అంచు ఒక కేంద్రాన్ని దాటేది కొద్ది నిమిషాల్లో. మూడు గంటలకోసారి రాసుకునే సినాప్టిక్ పట్టికలో అది పడదు, నిమిషానికోసారి నమోదయ్యే పీడనం, గాలి, ఉష్ణోగ్రతల్లోనే దొరుకుతుంది.