అడ్డగీత ఏమైంది?

నగరిలో మా వీధిలో మరమగ్గాల చప్పుడు మధ్యే వెబ్ పేజీలు నేర్చుకుంటున్న పిల్లవాడొకడు మొన్న అడిగాడు: “సార్, సీఎస్‌ఎస్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్-కలర్’ అని రాస్తాం కదా, జావాస్క్రిప్టుకొచ్చేసరికి మధ్యలో గీత ఏమైపోయింది?”

జవాబు వెతికితే భలే ముచ్చటేసింది. జావాస్క్రిప్టు కంటికి ఆ గీత తీసివేత గుర్తు. బ్యాక్‌గ్రౌండ్ నుంచి కలర్‌ని తీసెయ్యమన్నారనుకుంటుంది! అందుకని గీత ఎగరగొట్టి, రెండో మాట మొదటి అక్షరాన్ని పెద్దబడిలోకి మార్చారు. పెద్దబడి, చిన్నబడి తేడాయే లేని మన లిపిలో ఈ ఉపాయం పారదు. ‘ఫ్లోట్’దీ ఇలాంటి కథే. జావాస్క్రిప్టు అప్పట్లో ఆ మాటను తనకోసం అట్టిపెట్టుకుంది గనుక అది ‘సీఎస్‌ఎస్‌ఫ్లోట్’ అయింది.

పేజీ అలంకారాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌ను హోకోన్ లీ ప్రతిపాదించింది 1994 అక్టోబరులో. జావాస్క్రిప్టు తొలిరూపాన్ని బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాసింది 1995 మేలో. ఈ రెంటినీ కలిపేద్దామని నెట్‌స్కేప్ 1996లో ‘జావాస్క్రిప్ట్ స్టైల్ షీట్స్’ తెచ్చింది. అలంకారమంతా స్క్రిప్టులోనే రాయాలి. గీతలేని రాత అందులో అప్పటికే ఉంది. ప్రమాణంగా ఆ స్టైల్ షీట్స్ నెగ్గలేదు. అయినా 1997 నాటి నెట్‌స్కేప్ 4 బ్రౌజరు సీఎస్‌ఎస్‌ను లోలోపల ఆ భాషలోకే మార్చుకునేది. స్క్రిప్టు ఆపేస్తే పేజీ అలంకారమూ పోయేది! పైగా ఒకసారి తెరమీదికొచ్చిన అక్షరాల రంగు మారేది కాదు. నేసిన బట్టలో పోగు రంగు మారుతుందా? అదే ఏడాది వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4లో మాత్రం చూస్తుండగానే మారింది. నెట్‌స్కేప్ దారి మూసుకుపోవడం నాకిప్పటికీ వెలితే: లెక్కలు కట్టి కొలతలు తేల్చే అలంకారం అప్పుడే చేతికందింది, జారిపోయింది.

తర్వాతి ఏళ్లలో ఇలా పేజీని తెరమీదే మార్చేవాటిలో మనకు ముఖ్యమైనది వెన్న నాగార్జున ‘పద్మ’. తెలుగు పత్రికల సైట్లు అప్పట్లో ఎవరి ఫాంటు వాళ్లదిగా నడిచేవి. ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలే. ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకునే పద్మ, తెరిచిన పేజీలోనే ఆ రాతను యూనికోడ్ తెలుగుగా మార్చేది. రంగులు మార్చే స్క్రిప్టులన్నిటికన్నా నాకు ఇదే గొప్పది.

పిల్లవాడికి చివరగా ఒకటి చూపించాను. 2000 నవంబరు నాటి ప్రమాణంలోని ‘సెట్‌ప్రాపర్టీ’కి ‘బ్యాక్‌గ్రౌండ్-కలర్’ అని గీతతో సహా ఇవ్వొచ్చు. ఇప్పటికీ పనిచేస్తుంది.