బ్రష్ నుంచి రోలర్ దాకా, మన భుజాల చరిత్ర

ఇయ్యాల శుక్రవారం. బట్టలు ఉతుక్కొని, క్యాంపు రూంలో కూర్చొని ఈ ముచ్చట రాస్తున్నాం.

మొన్న మా సైట్‌లో కొత్తగా వచ్చిన తమ్మునికి మూడంగుళాల బ్రష్ ఇచ్చి సీలింగ్ కొట్టమన్నరు. పొద్దుమూకే సరికి కుడి చెయ్యి పైకి లేవలేదు. రాత్రి చెంచాతోని ఎడమ చేత్తో తిన్నడు. "వీడికి పని రాదు" అన్నడు ఫోర్‌మన్. మేం చూసినం, పని మంచిగనే చేసిండు. పనిముట్టే తప్పు ఇచ్చిండ్రు.

మన ఊర్లలో పండుగకో పెళ్లికో సున్నం వేసేటప్పుడు కుంచె సరిపోయేది. సున్నం పల్చగా ఉంటది, గోడే పీల్చుకుంటది. ఆయిల్ పెయింట్ చిక్కన. దానికి పంది వెంట్రుకల బ్రష్ కావాలి. ఆ వెంట్రుకలు ఎక్కువగా చైనా నుంచే ప్రపంచానికి పోయేవి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు ఆగిపోయి అమెరికాలో బ్రష్‌లకు కరువొచ్చింది. నైలాన్ పోగుల బ్రష్‌లు అప్పుడే ముందుకొచ్చాయి.

ఆ కాలం పెయింటర్లకు భుజం నొప్పి ఒక్కటే కాదు బాధ. తెల్ల రంగులో సీసం కలిపేవాళ్లు. అది ఒంట్లో చేరితే కడుపునొప్పి లేచేది, మణికట్టు వాలిపోయి చెయ్యి పట్టు తప్పేది. అందుకే 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఒక ఒప్పందం చేసింది. ఇళ్ల లోపలి గోడలకు సీసపు తెల్లరంగు వాడొద్దన్నది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులు దాటొద్దన్న నియమం 2016లో వచ్చింది. చూడండి, మధ్యలో ఎన్నేళ్లు పోయినయో!

ఇక రోలర్ సంగతి. 1940లో కెనడాలోని టొరంటోలో నార్మన్ బ్రేకీ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. పెద్దెత్తున అమ్మడానికి ఆయన దగ్గర పైసల్లేవు. వేరేవాళ్లు చిన్న చిన్న మార్పులు చేసి అమ్ముకున్నారు, ఆయనకు మిగిలింది తక్కువే. 1941లో అమెరికాలో షెర్విన్ విలియమ్స్ కంపెనీ కెమ్‌టోన్ అనే నీళ్ల పెయింట్ తెచ్చింది. అది తొందరగా ఆరేది. దానికి తోడుగా రోలర్ కూడా అమ్మింది. అట్లా రోలర్ ఇంటింటికీ చేరింది.

పెయింటర్లు సంబరపడ్డారా? అమెరికాలో చాలాచోట్ల వాళ్ల సంఘాలు రోలర్‌ను అడ్డుకున్నాయి. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అయితే మిగతా రెండు రోజుల కూలి ఎవరిస్తారని వాళ్ల భయం.

ఆ భయం మాకు మొన్ననే అర్థమైంది. మరునాడు ఆ తమ్మునికి తొమ్మిదంగుళాల రోలర్, పొడుగు కర్ర ఇప్పించినం. నేల మీద నిలబడే మధ్యాహ్నానికి సీలింగ్ పూర్తి చేసిండు. ఫోర్‌మన్ వచ్చి ఇంకో రూం చూపించిండు. జీతం అదే.

అయినా రోలరే అడగండి. మిగిలిన టైం కంపెనీకి పోయినా భుజం మనకు మిగులుతది. ఇవి గుర్తుపెట్టుకోండి:

పుట్టీ పట్టిన నున్నని గోడకు 10 మిల్లీమీటర్ల లోపు పోగు ఉన్న రోలర్, సీలింగ్‌కు 10 నుంచి 12, గరుకు గోడకు 18 దాకా.

మూలలకు, అంచులకు రెండంగుళాల బ్రష్. నీళ్ల పెయింట్‌కైతే నైలాన్ పోగులదే తీసుకోండి. పంది వెంట్రుకలు నీళ్లు పీల్చి మెత్తబడతాయి. అవి ఆయిల్ పెయింట్‌కు పెట్టండి.

సీలింగ్‌కు కర్ర లేకుండా పని మొదలుపెట్టొద్దు. కర్ర ఉంటే నిచ్చెన ఎక్కే పని తగ్గుతది, పడే భయమూ తగ్గుతది.

స్టోర్‌లో కర్ర అడగడానికి సిగ్గుపడకండి తమ్ముళ్లూ. రేపు ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకోవాల్సింది కూడా ఈ చేతులతోనే.