మిథ్యాయంత్రమునకు డిస్కు, పిలుపు

అద్దములో కనబడు ప్రతిబింబమును మిథ్యా ప్రతిబింబ మందురు. దానిని తెరపై పట్టుటకు వీలుకాదు. కంప్యూటర్ల చరిత్రలోను ఇట్టి మిథ్యావస్తు వొకటి కలదు. అదియే మిథ్యాయంత్రము. అయితే ఇది నిజమైన పనిచేయును.

1960 ప్రాంతమున కంప్యూటరు మిక్కిలి ఖరీదైనది. ఒకే యంత్రమును పలువురు పంచుకొనక తప్పెడిది కాదు. కాని ఒకరి పొరపాటు మరొకరి పనిని చెరుపరాదు. ఈ చిక్కును విడదీయుటకు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున, కేంబ్రిడ్జి నగరమందలి ఐ.బి.ఎం. విజ్ఞానకేంద్రములో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మున్నగువారు సి.పి.-40 అను నియంత్రకమును నిర్మించిరి. 1967 జనవరి నాటికి అది వాడుకలోనికి వచ్చెను. ఒక్క యంత్రముపై 14 మిథ్యాయంత్రములు నడిచెను. ఒక్కొక్క దానిలో నడచు కార్యక్రమమునకు 'అతిథి' యని పేరు. యంత్రమంతయు తనదే యని అతిథి భావించును.

డిస్కును ఎట్లు పంచిరి? ఆనాటి 2311 రకపు డిస్కులో 200 సిలిండర్లు, అనగా వలయముల వరుసలు, ఉండెడివి. వానిలో 100వ దాని నుండి 20 సిలిండర్లను ఒక అతిథికి కేటాయించిరనుకొందము. అతిథి లెక్క సున్నతో మొదలగును. అతడు 5వ సిలిండరు కోరినచో నియంత్రకము 100 కలిపి 105వ దానిని చదువును. 25వది కోరినచో నిరాకరించును. పొరుగువాని సమాచారము భద్రముగా నుండును.

చదువుట ముగియగానే డిస్కు ప్రాసెసరును పిలుచును. దీనిని 'ఇంటరప్ట్' అందురు. ఈ పిలుపు పద్నాలుగురిలో ఎవరిది? ఇచ్చట నియంత్రకము వసతిగృహపు వార్డెనువంటిది. వచ్చిన ఉత్తరము లన్నియు మొదట వార్డెను చేతికే చేరును. అతడు పేరు చూచి తగిన విద్యార్థి కందించును. విద్యార్థి పరీక్షలో నున్నచో దాచియుంచి తరువాత ఇచ్చును. అట్లే అతిథి పిలుపులను నిలిపియుంచినచో నియంత్రకము వానిని వేచియుంచును. పిలుపు దారితప్పినచో అతిథి రాని జవాబుకై కాచుకొని నిలిచిపోవును.

1972లో వి.ఎం./370 ఈ పద్ధతిని వ్యాపారరంగమునకు తెచ్చెను. 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీనిని సామాన్య కంప్యూటర్లకు అందించెను. అయితే నిజమైన పరికరమును అడుగడుగున అనుకరించుట శ్రమతో కూడినది. అందుచే 2008లో రస్టీ రస్సెల్ వివరించిన 'వర్ట్ ఐ.ఓ.' పద్ధతిలో, తాను మిథ్యాయంత్రములో నున్నట్లు అతిథికి తెలియును. అతడు తన కోరికలను ఒక వరుసలో వ్రాసియుంచును; పెక్కు కోరికలకు ఒక్క పిలుపు చాలును.

దాచిన నిజమును తెలుపుటచేతనే పని వేగవంతమాయెను. అయినను ఎవరి హద్దులో వారిని నిలుపు ఆనాటి నియమము మాత్రము నేటికిని మారలేదు.