గర్భసంచి ఆపరేషన్: కెంటకీ నుంచి మన పల్లెల దాకా

పొట్ట కోస్తే మనిషి దక్కదని వైద్యులే నమ్మిన రోజుల్లో, 1809 డిసెంబరులో, అమెరికాలోని కెంటకీలో ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ ఒక సాహసం చేశాడు. జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే ఆవిడ అండాశయంలో పెరిగిన పది కిలోల గడ్డను కోసి తీశాడు. మత్తుమందు లేదు. ఇది ప్రయోగమేనని ఆయన ముందే చెప్పాడు. ఆవిడ విని, ఒప్పుకుని, వంద కిలోమీటర్ల దాకా గుర్రం మీద ఆయన ఊరికి వచ్చింది. నెల తిరక్కముందే ఇంటికి వెళ్లి, మరో ముప్పై ఏళ్ల పైనే బతికింది.

అలా అడిగి, ఒప్పించి చేసిన ఆపరేషన్లు తర్వాతి కాలంలో ఎన్నని? కష్టమైన కాన్పులో మూత్రాశయానికి రంధ్రం పడి మూత్రం ఆగకుండా కారే జబ్బుకు అలబామాలో మారియన్ సిమ్స్ చికిత్స కనిపెట్టాడు. 1845-49 మధ్య ఆయన కత్తి కిందికి వచ్చినవాళ్లు నల్లజాతి బానిస స్త్రీలు. అనార్కా, లూసీ, బెట్సీ అన్న మూడు పేర్లే మనకు మిగిలాయి. అనార్కా ఒక్కతెకే ముప్పై సార్లు కోశాడు. మత్తు ఇవ్వలేదు. 1846లో ఈథర్ వచ్చాక కూడా ఇవ్వలేదు. చివరికి వెండి తీగ కుట్లతో రంధ్రం మూసుకుంది, ఆయన పేరు ప్రపంచమంతా మోగింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలిచిన ఆయన విగ్రహాన్ని 2018లో గానీ తీయలేదు.

గర్భసంచి వంతు 1853లో వచ్చింది. మసాచుసెట్స్‌లో వాల్టర్ బర్న్‌హామ్ అండాశయపు గడ్డ అనుకుని పొట్ట తెరిచాడు. రోగికి వాంతి వచ్చి, గడ్డలతో నిండిన గర్భసంచే బయటికి పొడుచుకొచ్చింది. లోపలికి నెట్టలేక కోసేశాడు. పొట్ట మీదుగా గర్భసంచి తీయించుకుని బతికి బయటపడ్డ తొలి స్త్రీ ఆమే. పొరపాటున తెరుచుకున్న దారి ఇది.

బ్రతికించడం చేతనయ్యాక అనవసరంగా కోయడమూ మొదలైంది. 1872లో రాబర్ట్ బాటీ ఏ రోగమూ లేని అండాశయాలను తీసేసే పద్ధతి తెచ్చాడు. మూర్ఛలకూ ‘హిస్టీరియా’కూ అదే మందన్నారు. వేలమంది ఆడవాళ్లు బలైపోయారు.

ఇక మన సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో వందకు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిదికి పైనే. చాలామందికి పాతికేళ్లు నిండకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత నడుం నొప్పి అన్నా, తెల్లబట్ట అన్నా, ‘పిల్లలు చాలుగా, ఇక సంచి ఎందుకు?’ అన్న మాట వినిపిస్తుంది. క్యాన్సర్ భయం పెడితే అప్పు చేసైనా ఒప్పుకుంటారు. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లు మితిమీరి, ప్రభుత్వమే వాటికి పగ్గాలు వేయాల్సి వచ్చింది. అండాశయాలు కూడా పోతే చిన్న వయసులోనే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారతాయి. ఆ సంగతి ముందుగా చెప్పేవారెందరు?

బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్‌పై 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలంది. 40 ఏళ్లలోపు స్త్రీకి గర్భసంచి తీస్తే, ఎందుకు తీశారో ఆసుపత్రి ఇప్పుడు రాసి చూపాలి.