చక్రం, గొలుసు, మూడుకాళ్ల బల్ల

మా అనకాపల్లిలో ఇళ్ల స్థలాలు ఇవాళ్టికీ సెంట్లలోనే అమ్ముతారు. సెంటు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే, గొలుసులోంచి. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. దాంట్లో నూరో వంతు సెంటు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో తయారైన ఈ లెక్క కంపెనీ సర్వేయర్లతోపాటు ఇక్కడికొచ్చింది.

కంపెనీ సైన్యం అంతకుముందే వచ్చింది. 1758లో కల్నల్ ఫోర్డ్ విశాఖలో దిగి, మా పక్కనున్న కశింకోట దగ్గర విజయనగరం ఆనందరాజుని కలుసుకున్నాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లని ఓడించాడు. బెంగాలుకి రెన్నెల్ సర్వేయర్ జనరల్ అయింది 1767లో. అంటే ఫోర్డ్‌కి దారి చూపించింది పటం కంటే రాజుగారి మనుషులే అయుంటారని నా ఊహ.

మరోసారి అలా ఇంకొకరి మీద ఆధారపడకూడదంటే దారిని కాగితం మీదికి ఎక్కించాలి. అందుకు మొదటి సాధనం పెరాంబులేటర్. పిల్లల బండి కాదండోయ్! పిడి పట్టుకుని తోసే పెద్ద చక్రం. ఎన్ని చుట్లు తిరిగిందో డయల్ లెక్కపెడుతుంది. మలుపు వచ్చినప్పుడల్లా దిక్సూచి చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఇసుకలో జారుతుంది, గుంటలో దిగి ఎక్కితే లేని దూరం కూడా కలుపుతుంది.

నాకు ఎక్కువ నచ్చేది ప్లేన్ టేబుల్. మూడు కాళ్ల మీద ఒక పలక, దానిమీద కాగితం, గురి చూడ్డానికి రెండు చివర్లా రెక్కలున్న రూళ్లకర్ర. ఒకచోట నిలబడి కొండకి గురిపెట్టి గీత గీస్తారు. కొలిచిన దూరం నడిచి, ఇంకోచోట నుంచి మళ్లీ గీస్తారు. రెండు గీతలూ ఎక్కడ కలిస్తే కొండ అక్కడ. కొండ దాకా వెళ్లక్కర్లేదు. కొండ బదులు శత్రువు కోట అనుకోండి, సైనికులు దీన్నెందుకు మోసుకు తిరిగారో తెలుస్తుంది.

1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ పెట్టించిన సర్వే బడి ఎనిమిది మంది కుర్రాళ్లతో మొదలైంది. గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి మూలం అదే. తర్వాత మైసూరు సర్వే చేసిన కాలిన్ మెకంజీ కూడా సైనిక ఇంజనీరే. ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు వాడు కావలి బొర్రయ్య పేరు మనకి మిగిలింది, శాసనాలు చదివాడు కాబట్టి. చక్రం తోసినవాడికి పటం మూల సంతకం చేసే చోటు లేదు.

అతని మాటలు మాత్రం దొరుకుతాయి. ఆ పటాల మీది ‘టోప్’ మన తోపు, ‘చౌల్ట్రీ’ మన చావడి, ‘ద్రూగ్’ మన దుర్గం. దండు దిగడానికి నీడ, రాత్రికి కప్పు, కాచుకోవలసిన కొండ.