కోయిలకుంట్ల విచారణ

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలియని ఇల్లు అరుదు. జనం పాటల్లో ఆయన కత్తి ఉన్నది, ఉరికంబమూ ఉన్నది. ఆ రెంటికీ నడుమ ఒక విచారణ జరిగిందన్న సంగతిని మనవాళ్లు అంతగా పట్టించుకోలేదు. నాకు అదే ముఖ్యమనిపిస్తుంది.

1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానామీద దాడి జరిగింది. అక్టోబరులో నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో, రెండువేలకు పైగా జనం చూస్తుండగా ఉరితీశారు. తలను 1877 దాకా కోటగోడమీద ఉంచారు. ఏ న్యాయశాస్త్రానికీ ఆ తలతో పనిలేదు. పని ఉన్నది శిస్తు వసూలుకే.

మరి తక్కినవాళ్లు? సుమారు వెయ్యిమందిమీద వారంట్లు పుట్టాయి. 273 మందిని జామీనుమీద విడిచారు, 112 మందిని శిక్షించారు. 412 మందిని ఏ నేరమూ మోపకుండానే వదిలేశారు. అంటే, శిక్షపడినవారికి మూడున్నర రెట్లు మించిన జనం ఊరకే నిర్బంధం అనుభవించారు. పాలెగాని చరిత్ర రాసుకున్నాం, మంచిదే. ఈ 412 మంది చరిత్ర ఎవరిది?

ఆనాటికి శిక్షాస్మృతి లేదు. మెకాలే ముసాయిదా 1837 నుంచి మూలుగుతూ, 1860లో చట్టమై, 1862లో అమలుకు వచ్చింది. మద్రాసు రాజధానిలో 1816 రెగ్యులేషన్లు కలెక్టరునే మేజిస్ట్రేటును చేశాయి, పోలీసునూ ఆయన చేతికిచ్చాయి. శిస్తు అడిగేవాడూ, పట్టి తెప్పించేవాడూ ఒకడే! ఫలితమేమిటో 1855 నాటి మద్రాసు చిత్రహింసల కమిషన్ నివేదికే ఒప్పుకున్నది. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం ముద్దాయిమీద రుజువుగా చెల్లదన్న సూత్రం 1861లో, మళ్లీ 1872 సాక్ష్య చట్టంలో వచ్చింది. దాన్ని దొరల దయ అనుకోనక్కరలేదు. తన పోలీసును తానే నమ్మలేని ప్రభుత్వం చేసిన ఏర్పాటది.

రాజ్యాంగం 22వ అధికరణం ఇంకా ముందుకు వెళ్లింది: అరెస్టుకు కారణం చెప్పాలి, న్యాయవాదిని కలవనివ్వాలి, ప్రయాణకాలం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలి. 2024 జూలై 1న అమలుకు వచ్చిన కొత్త సంహితలోనూ ఈ గడువు ఉన్నది.

2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున నంద్యాలలో మాజీ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడును అరెస్టు చేసినప్పుడు, ఆ 24 గంటలు ఎప్పటినుంచి మొదలవుతాయన్నదానిమీద పెద్ద న్యాయవాదులు వాదించారు. అడగవలసిన ప్రశ్నే. కాని అదే ఊళ్లో, దొంగతనం అనుమానంమీద పిలిపించిన హమాలీ పక్షాన ఆ గంటలు లెక్కపెట్టేదెవరు? అతని అరెస్టు కాగితంమీద సాక్షి సంతకం ఉండాలని, ఇంటివారికి కబురందాలని సుప్రీంకోర్టు 1996లోనే డి.కె. బసు కేసులో చెప్పింది. నిర్బంధంలో ఉన్నవాడు ఆదాయం ఎంతన్నదానితో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని కోరవచ్చునని 1987 చట్టం చెబుతున్నది. ఈ రెండు సంగతులూ మన పాఠశాలల్లో ఏ తరగతిలో చెబుతున్నామో, ఉపాధ్యాయ మిత్రులను అడుగుతున్నాను.